ప్రారంభోత్సవాలు ఎగరవు

2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ఉడాన్ పథకం తొలి విమానానికి పచ్చజెండా ఊపుతూ ప్రధాని నరేంద్ర మోదీ ఒక మాట అన్నారు. హవాయి చెప్పులు వేసుకునేవాడు హవాయి జహాజులో కూర్చోవడం చూడాలన్నది తన కోరిక అని. ఆ మాట దేశమంతా మారుమోగింది. 2025 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్ ప్రసంగంలో అదే పథకాన్ని ప్రస్తావిస్తూ, కోటిన్నర మంది మధ్యతరగతి ప్రజల వేగవంతమైన ప్రయాణ ఆకాంక్షను ఉడాన్ తీర్చిందని చెప్పారు. ఎనిమిదేళ్లలో హవాయి చెప్పు ప్రసంగంలోంచి జారిపోయింది. ఎక్కడ జారిందో, ఎందుకు జారిందో అడిగినవారు పార్లమెంటులో పెద్దగా లేరు.

నేను విమానయానానికి వ్యతిరేకిని కాను. ఈ దేశంలో విమానం ఒక సామాజిక అవసరం అన్నదే నా వాదన. అవసరం కాబట్టే దాన్ని అలంకారంగా మార్చినవారి మీద ఆగ్రహం కలుగుతుంది. ఒక ఊరికి విమానం వచ్చినందువల్ల కలిగే మేలు నిజం. అయితే ఆ మేలు విమానాశ్రయ భవనం వల్ల రాదు. రోజూ, చెప్పిన వేళకు, కొనగలిగే ధరకు ఎగిరే విమానం వల్ల వస్తుంది. మన ప్రభుత్వాలు మొదటిదాన్ని కడుతున్నాయి, రెండోదాన్ని మార్కెట్ దయకు వదిలేస్తున్నాయి. మొత్తం తగాదా ఇక్కడే ఉంది.

ముందుగా ఒక పాత అపోహను పక్కన పెట్టాలి. విమానం ధనికుల వాహనమని, పేదవాడికి రైలు చాలునని వామపక్ష మిత్రులు తరచూ అంటారు. రైలు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. రోజుకు సుమారు రెండు కోట్ల మంది రైళ్లలో తిరుగుతుంటే, దేశీయ విమానాల్లో తిరిగేవారు సగటున సుమారు నాలుగున్నర లక్షలే. 2024 మొత్తం మీద దేశీయ విమాన ప్రయాణాల సంఖ్య 16.13 కోట్లు. ఒకే మనిషి పదిసార్లు ఎక్కితే అందులో పది లెక్కన్నమాట. నూట నలభై కోట్ల దేశంలో అత్యధికులు విమానం మెట్లు ఎక్కలేదన్నది వాస్తవం. కానీ ఆ వాస్తవం నుంచి “అయితే వారికి విమానం అక్కర్లేదు” అనే తీర్మానానికి రావడం తప్పు.

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో మధ్యతరగతి వారికంటే ముందు విమానం ఎక్కింది గల్ఫ్ కూలీ. అతని తొలి ప్రయాణమూ విమానంలోనే, దురదృష్టం వెంటాడితే ఇంటికి చేరే శవపేటికా విమానంలోనే. కేరళలో కొచ్చి విమానాశ్రయం ప్రవాసుల పెట్టుబడితో 1999లో నిలబడిందంటే, దాని వెనుక ఉన్నది గల్ఫ్ శ్రమ. బిహార్‌లో దర్భంగా చూడండి. వైమానిక దళ స్థావరంలో ఒక మూల పౌర టెర్మినల్ కట్టి 2020 నవంబరులో సర్వీసులు మొదలుపెడితే, మిథిల ప్రాంతం నుంచి ఢిల్లీ, ముంబయి, బెంగళూరుకు వలస వెళ్లినవారు ఆ విమానాలను నింపేశారు. ఉడాన్ పేరు నిలబెట్టిన కొద్ది చోట్లలో అదొకటి. రెండు పగళ్లు, ఒక రాత్రి రైలులో కూర్చుంటే ఎన్ని రోజుల కూలి పోతుందో లెక్క వేసుకున్నవాడికి టికెట్టు ధర, విలువ రెండూ తెలుసు. పేదవాడికి సమయం ఖరీదు తెలియదనుకోవడం పట్టణవాసి భ్రమ.

2020 మే నెలను మరచిపోకూడదు. లాక్‌డౌన్‌లో లద్దాఖ్‌లోని బటాలిక్ ప్రాంతంలో చిక్కుకుపోయిన 60 మంది రోడ్డు పనివారిని ఝార్ఖండ్ ప్రభుత్వం మే 29న లేహ్ నుంచి విమానంలో రాంచీకి తెప్పించింది. వారిలో చాలామందికి అదే తొలి విమాన ప్రయాణం. అదే నెలలో దేశంలోని రహదారుల మీద లక్షల మంది నడుస్తూనే ఉన్నారు. విదేశాల్లో ఉన్నవారి కోసం వందే భారత్ మిషన్ పేరిట విమానాలు పంపిన కేంద్రానికి, స్వదేశంలో నడుస్తున్నవారి కోసం అదే పని చేయవచ్చన్న ఆలోచన రాలేదు. విమానం లేక కాదు, అవి వందల సంఖ్యలో రన్‌వేల పక్కన ఖాళీగా నిలిచి ఉన్నాయి. విమానం ఎవరిది అన్న ప్రశ్నకు ఆ నెల ఇచ్చిన జవాబు అది.

గాలి దారి తప్ప దారి లేని చోట

విమానం ఎందుకు సామాజిక అవసరమో మైదాన ప్రాంతంలో కూర్చుంటే తేలికగా బోధపడదు. 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ హిమాలయాలు దాటించి ఒక డకోటాను లేహ్‌లో దించారు. పక్కన జనరల్ తిమ్మయ్య కూర్చున్నారు. ఆ రోజు దిగింది సైన్యమే అయినా, తర్వాత దశాబ్దాల పాటు శీతకాలంలో జోజిలా కనుమ మంచుతో మూసుకుపోయిన ప్రతిసారీ లద్దాఖ్ ప్రజలకు మిగిలిన దారి ఆ రన్‌వేయే. ప్రసవం కష్టమైన స్త్రీకి, పరీక్షకు వెళ్లవలసిన విద్యార్థికి, తాజా కూరగాయకు అదొక్కటే ద్వారం.

మన పొరుగున నేపాల్‌లో ఇది మరింత స్పష్టం. 1964లో ఎడ్మండ్ హిల్లరీ చొరవతో లుక్లా రన్‌వే తయారైంది పర్వతారోహకుల కోసం కాదు, షెర్పా గ్రామాల్లో కట్టదలచిన బడులు, ఆస్పత్రి సామగ్రి చేర్చడానికి. కర్ణాలీ ప్రాంతంలోని హుమ్లా జిల్లా కేంద్రం సిమికోట్‌కు ఎన్నో దశాబ్దాలు దేశ రహదారులతో సంబంధమే లేదు. బియ్యం, మందులు, బడి పుస్తకాలు చిన్న విమానాల్లోనే వెళ్లేవి. అక్కడ విమానం రాని వారం అంటే బియ్యం రాని వారం.

మణిపూర్ మనకు ఇంకా చేదైన పాఠం నేర్పింది. 2023 మే నెలలో హింస చెలరేగాక, లోయలోని మెయితీలకు కొండల మీదుగా పోయే జాతీయ రహదారి మూసుకుపోయింది. కొండల్లోని కుకీలకు లోయలో ఉన్న ఇంఫాల్ విమానాశ్రయం మూసుకుపోయింది. వారు మిజోరం రోడ్ల మీదుగా గంటల తరబడి ప్రయాణించి ఐజ్వాల్ చేరుకుంటేనే విమానం. ఇటు ఇంఫాల్ నుంచి బయటపడాలనుకున్నవారికి టికెట్టు ధరలు కొన్ని రెట్లు పెరిగాయి. ఒక రాష్ట్రంలో పౌరసత్వమే రెండుగా చీలినప్పుడు, ఎవరు విమానం ఎక్కగలరు, ఎవరు ఎక్కలేరు అన్నదే ఆ చీలికకు కొలమానమైంది. దాన్ని సౌకర్యం అనగలమా?

లక్షద్వీప్ సంగతి వేరే చెప్పాలా? ద్వీపాల్లో రోగి పరిస్థితి విషమిస్తే హెలికాప్టర్‌లో కొచ్చికి తరలించవలసిందే. 2021 మే నెలలో అక్కడి పాలనా యంత్రాంగం ఆ తరలింపునకు నలుగురు సభ్యుల కమిటీ అనుమతి ఉండాలని ఉత్తర్వు తెచ్చింది. ప్రాణం గిలగిల కొట్టుకుంటున్న వేళ నలుగురు సంతకాలు పెట్టాలన్నమాట. ద్వీపవాసులు, కేరళ ప్రజాప్రతినిధులు ఎందుకు మండిపడ్డారో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. రవాణా ఎప్పుడూ అధికారంతో ముడిపడే ఉంటుంది. దారి ఎవరి చేతిలో ఉంటే ప్రాణం వారి చేతిలో ఉంటుంది.

ఆపదలో ఆకాశం ఎంత ఉపయోగపడుతుందో తెలుగువారికీ తెలుసు. 2021 ఏప్రిల్‌లో ఆక్సిజన్ కొరత తీవ్రమైనప్పుడు ఖాళీ ట్యాంకర్లను బేగంపేట నుంచి వైమానిక దళ విమానాల్లో భువనేశ్వర్ తరలించి, నింపి, రోడ్డు మార్గంలో తెచ్చారు. ఒకవైపు ప్రయాణం గాలిలో సాగడం వల్ల ఆదా అయిన ప్రతి రోజుకూ అర్థం ఆస్పత్రి పడకల మీద ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపే ప్రయోగం మొదలైంది. అక్టోబరులో మణిపూర్‌లో లోక్‌తక్ సరస్సు దీవికి కొవిడ్ టీకాలను డ్రోన్ పావుగంటలో చేర్చింది. సాధ్యమని రుజువైంది. రుజువైనదాన్ని నిత్యకృత్యం చేయడంలోనే ప్రభుత్వాల చిత్తశుద్ధి తేలుతుంది.

సరుకుల సంగతీ ఇంతే. 2021లో నాగాలాండ్ రాజా మిర్చి గువాహటి మీదుగా లండన్ చేరింది. కోసిన రోజుల్లోనే పాడయ్యే పంటకు విదేశీ విపణి దొరికింది. అయితే మన దేశంలో విమాన సరుకులో పెద్ద భాగం ప్రయాణికుల విమానాల కడుపులోనే పోతుంది. అంటే ప్రయాణికుల సర్వీసు ఆగితే రైతు సరుకూ ఆగినట్టే. కృషి ఉడాన్ అనే పేరు ప్రకటించి, విమానమే రాని రన్‌వే పక్కన శీతల గిడ్డంగి కట్టినంత మాత్రాన మిర్చి లండన్ వెళ్లదు.

లెక్క తప్పిన పథకం

ఇప్పుడు ఉడాన్ లెక్కకు వద్దాం. పథకం ఆలోచన మంచిది. చిన్న ఊళ్ల విమానాల్లో సగం సీట్లను గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలకే అమ్మాలి. సంస్థకు వచ్చే నష్టాన్ని మూడేళ్ల పాటు ప్రభుత్వం పూడుస్తుంది. ఆ డబ్బులో పెద్ద వాటా ప్రధాన మార్గాల్లోని విమానాల మీద వేసిన సుంకం నుంచి వస్తుంది. కలిగినవాడి టికెట్టు లేనివాడి టికెట్టుకు కొంత తోడ్పడుతుంది. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

తప్పు మూడేళ్ల గడువులో ఉంది. మూడేళ్లలో చిన్న ఊరు తన కాళ్ల మీద నిలబడుతుందని, ఆ తర్వాత మార్కెట్ చూసుకుంటుందని రాసుకున్నారు. ఫలితం ఏమైందో కాగ్ 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుంచిన నివేదిక చెప్పింది. మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తిచేసినవి 112. సబ్సిడీ గడువు దాటాక కూడా నిలిచినవి, 2023 మార్చి నాటికి, 54. కేటాయించినవాటిలో నూటికి ఏడు. ఏ పాఠశాలలోనైనా నూటికి ఏడుగురు పాసైతే ప్రధానోపాధ్యాయుడిని సంజాయిషీ అడుగుతారు. ఇక్కడ మాత్రం కొత్త తరగతి గదులకు శంకుస్థాపన చేశారు.

కొవిడ్ వల్ల దెబ్బతిన్నదని సర్కారు సమర్థకులు అంటారు. కొంత నిజం. కానీ 403 మార్గాలు మొదలు కాకపోవడానికి స్థలం దొరకకపోవడం, విమానాశ్రయం సిద్ధం కాకపోవడం, సంస్థల వద్ద తగిన విమానాలు లేకపోవడం కూడా కారణాలే. వీటిలో ఏదీ వైరస్ వల్ల పుట్టింది కాదు.

సిమ్లాలో ఆ రోజు ప్రధాని జెండా ఊపినవాటిలో కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులూ ఉన్నాయి. వాటిని నడిపిన హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో సేవలు నిలిపివేసింది. సిమ్లా–ఢిల్లీ సర్వీసు సైతం 2020లో ఆగి, రెండేళ్లకు పైగా గడిచాక 2022 సెప్టెంబరులో గాని తిరిగి రాలేదు. పథకానికి ముఖచిత్రమైన సర్వీసు గతే ఇది.

సిక్కింలోని పాక్యాంగ్ ఇంకా విషాదకరం. సొంత విమానాశ్రయం లేని చివరి రాష్ట్రం అది. కొండను తొలిచి, ఎత్తయిన నిలువు గోడలు కట్టి, సుమారు 600 కోట్ల రూపాయలతో ఇంజినీర్లు ఒక అద్భుతం నిర్మించారు. 2018 సెప్టెంబరులో ప్రధాని ప్రారంభించారు. అక్టోబరులో విమానం వచ్చింది. 2019 మధ్యలో ఆగింది. 2021లో తిరిగి వచ్చింది, తర్వాత మళ్లీ ఆగింది. పొగమంచు, వాన, చాలని దిక్సూచి పరికరాలు అన్నీ కారణాలే. 2023 అక్టోబరులో తీస్తా వరద వచ్చి రహదారి కొట్టుకుపోయినప్పుడు సిక్కింకు గాలి దారి ఎంత అవసరమో అందరూ చూశారు. సరిగ్గా ఏ చోట విమానం లేకపోతే ప్రాణం పోతుందో, ఆ చోటే మార్కెట్‌కు గిట్టుబాటు కాలేదు. గిట్టుబాటు కాకపోవడం వింత కాదు. గిట్టుబాటు అయ్యేదైతే ప్రభుత్వంతో పనేమిటి?

2021 అక్టోబరు 20న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. తొలి విమానం కొలంబో నుంచి బౌద్ధ భిక్షువులతో దిగింది. ఛాయాచిత్రాలు చక్కగా వచ్చాయి. ఆ తర్వాత షెడ్యూలు సర్వీసులు రెండేళ్లు తిరిగేసరికి నిలిచిపోయాయి. ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. శ్రీలంకలో మహింద రాజపక్స సొంత జిల్లాలో, ఆయన పేరుతోనే, చైనా అప్పుతో 2013లో మత్తల విమానాశ్రయం వెలిసింది. విమానాలు రాక దాని గిడ్డంగుల్లో ధాన్యం నిల్వ చేసిన రోజులు ఉన్నాయి. నేపాల్‌లో 2022లో భైరహవా, 2023లో పోఖరా అంతర్జాతీయ హోదాతో మొదలయ్యాయి. అంతర్జాతీయ విమానాలు మాత్రం చాలా అరుదుగా వచ్చాయి. దక్షిణాసియా నాయకులందరికీ ఒకే పిచ్చి: రన్‌వే మీద తమ పేరు కనిపించాలి. రన్‌వే మీద విమానం కనిపించాలన్న తపన ఆ స్థాయిలో లేదు.

2014లో 74గా ఉన్న విమానాశ్రయాల సంఖ్య 150 దాటిందని మంత్రులు చెప్పని సభ లేదు. ఏ విమానాశ్రయం నుంచి ఏడాదిలో ఎన్ని రోజులు విమానం లేచిందో చెప్పిన సభ ఏదీ నేను వినలేదు.

ఇక రాబోయే పదేళ్ల సంగతి. 2025–26 బడ్జెట్ ప్రకారం సవరించిన ఉడాన్ 120 కొత్త గమ్యాలను కలిపి, పదేళ్లలో 4 కోట్ల మందిని మోస్తుంది. వినడానికి పెద్ద సంఖ్య. ఏడాదికి 40 లక్షలు. 2024 నాటి దేశీయ ప్రయాణాలతో పోల్చినా నూటికి రెండున్నర. దేశ విమానయానం మొత్తం పెరుగుతున్న వేగాన్ని లెక్కిస్తే ఆ వాటా మరింత తగ్గుతుంది. పథకం గురి పెట్టిన సంఖ్యే ఇంత చిన్నదైతే, హవాయి చెప్పు గురించి ప్రసంగాలు ఎందుకు?

అధికారం ఉంది, ఇష్టమే లేదు

ధరల మాటకు వచ్చేసరికి ప్రభుత్వం ఎప్పుడూ ఒకే జవాబు చెబుతుంది. టికెట్టు ధరలు మార్కెట్ నిర్ణయిస్తుంది, మేము జోక్యం చేసుకోము అని. 2025 డిసెంబరు తొలి వారంలో ఈ జవాబు గాలికి ఎగిరిపోయింది. పైలట్ల విశ్రాంతి నిబంధనలకు తగినట్టు సిద్ధం కాని ఇండిగో కొద్ది రోజుల్లోనే వేల సర్వీసులు రద్దు చేసింది. దేశీయ విపణిలో అరవై శాతానికి పైగా వాటా ఉన్న సంస్థ అది. మిగిలిన సంస్థల ధరలు ఆకాశాన్నంటాయి. అప్పుడు డిసెంబరు 6న ప్రభుత్వం గరిష్ఠ ధరలు విధించింది: 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,500 కిలోమీటర్లు దాటితే 18,000. అంటే అధికారం ఎప్పుడూ ఉంది. మెట్రో నగరాల విమానాశ్రయాల్లో, టీవీ కెమెరాల ముందు, మధ్యతరగతి ప్రయాణికులు చిక్కుకుపోయినప్పుడు ఆ అధికారం మెలకువలోకి వచ్చింది. ఇంఫాల్ ప్రజలకు ధరలు మండిపోయినప్పుడు అదే చురుకుదనం కనిపించలేదు.

ఆ సంక్షోభంలో మరో విషయమూ బయటపడింది. పైలట్ల అలసటను తగ్గించే నిబంధనలనే ఆ సంస్థ కోసం తాత్కాలికంగా సడలించారు. ఒక సంస్థ అంత పెద్దదైతే, అది ప్రభుత్వ నిబంధనలకు లొంగదు, నిబంధనలే దానికి లొంగుతాయి. 1953లో విమాన సంస్థలను జాతీయం చేసిన దేశం, 1994లో ఆ గుత్తాధిపత్యాన్ని చట్టపరంగా రద్దు చేసిన దేశం, చివరికి ప్రైవేటు గుత్తాధిపత్యం గుప్పిట్లోకి వచ్చి పడింది. ఎయిర్ ఇండియాను 2022 జనవరిలో టాటాలకు అప్పగించాక ప్రజల చేతిలో మిగిలింది అలయన్స్ ఎయిర్ అనే చిన్న సంస్థ. దిబ్రూగఢ్ నుంచి అరుణాచల్‌లోని పాసీఘాట్‌కు మన దేశంలో తయారైన డోర్నియర్ విమానాన్ని 2022 ఏప్రిల్‌లో నడిపింది అదే. కొండల్లో, ఈశాన్యంలో చిన్న రన్‌వేల మీద దిగడానికి సిద్ధపడే సంస్థను బలపరచవలసిన చోట, అమ్మకానికి పక్కన పెట్టిన సామానులా చూస్తున్నారు.

లాభాల విమానాశ్రయాల విషయంలోనూ ఇదే వరస. పెద్ద నగరాల ఆదాయంతో చిన్న ఊళ్ల నష్టాలను భరించడం విమానాశ్రయాల ప్రాధికార సంస్థ చాలాకాలం చేసిన పని. రాబడి ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ప్రైవేటు చేతుల్లో పెట్టి, నష్టాలవాటిని ప్రజల నెత్తిన ఉంచితే చిన్న ఊరికి అండ ఎక్కడిది?

మనవారికి నచ్చని మాట

ఇక్కడి వరకు చదివి తలూపిన తెలుగు పాఠకులు, ఇప్పుడు చెప్పబోయేదానికి నొచ్చుకోవచ్చు. నిజాం కాలంలో 1930లో ఏర్పడిన మామునూరు విమానాశ్రయం 1981 తర్వాత మూలపడింది. దాన్ని తెరవడానికి అడ్డుపడింది శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలోని షరతు: 150 కిలోమీటర్ల పరిధిలో మరో విమానాశ్రయం రాకూడదని. ఒక ప్రైవేటు నిర్వాహకుడి లాభం కోసం ఒక ప్రాంత ప్రజల అవకాశాన్ని తాకట్టు పెట్టిన ఆ షరతు అన్యాయమైనది. 2025 ఫిబ్రవరిలో అనుమతి రావడం మంచిదే.

కానీ వరంగల్ నుంచి హైదరాబాద్‌కు రైలులో రెండు, రెండున్నర గంటలు. మామునూరు నుంచి శంషాబాద్‌కు విమానం వేస్తే అది వేడుకే అవుతుంది. ఢిల్లీకో, ముంబయికో, కూలీలు వెళ్లే గల్ఫ్‌కో నేరుగా వేస్తేనే దానికి అర్థం. ఏ సర్వీసులు, ఎన్నేళ్లు, ఎవరి హామీతో అన్న ప్రశ్న భూములిచ్చే రైతు ముందుగా అడగాలి.

ఆంధ్రప్రదేశ్‌లో కుప్పం, దగదర్తి, ఒంగోలు, తాడేపల్లిగూడెం వంటి చోట్ల కొత్త విమానాశ్రయాల ప్రతిపాదనలు నడుస్తున్నాయి. తాడేపల్లిగూడెంకు ఇటు గన్నవరం, అటు రాజమహేంద్రవరం విమానాశ్రయాలు ఉన్నాయి. మధ్యలో మూడోది ఎవరి అవసరం? ఇదే రాష్ట్రంలో అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గర్భిణులను డోలీలో మోసుకుపోవడం నేటికీ ఆగలేదు. విమానయానం వల్ల సామాజిక ప్రయోజనం నిజంగా కావాలంటే మొదటి రూపాయి ఆ కొండకు వెళ్లాలి. రుషికేశ్ ఎయిమ్స్‌లో 2024 అక్టోబరులో అత్యవసర వైద్య హెలికాప్టర్ సేవను ప్రధానే ప్రారంభించారు. అలాంటిది పాడేరుకు ఎందుకు రాదు? డోలీకి ఓటు బ్యాంకు లేదు, టెర్మినల్‌కు శిలాఫలకం ఉంటుంది. తేడా అదే.

రైతుల మాట కూడా. చెన్నై దగ్గర పరందూరు విమానాశ్రయాన్ని ఏకనాపురం గ్రామస్తులు 2022 నుంచి వ్యతిరేకిస్తున్నారు. చెరువులు, పొలాలు పోతాయన్న వారి భయాన్ని అభివృద్ధి నిరోధం అని కొట్టిపారేయడం సులువు. లేచే విమానం కోసం అడిగినా భూమి కోల్పోయేవాడికి నష్టం నష్టమే. లేవని విమానం కోసం అడిగితే అది దోపిడీ. రన్‌వే కోసం పోయిన మాగాణి, విమానాలు రాకపోతే మళ్లీ మాగాణి కాదు. విమాన ఇంధనం వల్ల వాతావరణానికి జరిగే కీడు కూడా తక్కువ కాదు కాబట్టి, రైలు చాలిన చోట విమానాన్ని సబ్సిడీతో నిలబెట్టడం రెండింతల తప్పు.

ఏం చేయాలి

మొదటిది, ఊళ్లను విభజించాలి. ఏడాది పొడవునా నమ్మదగిన రోడ్డు, రైలు లేని చోట్లు, అంటే ద్వీపాలు, హిమాలయ జిల్లాలు, ఈశాన్య కొండలు ఒక జాబితా కావాలి. వాటికి విమానం ప్రాణదారి అని చట్టంలో రాయాలి. మూడేళ్ల సబ్సిడీ గడువు వాటికి వర్తించకూడదు. ఇది సోషలిస్టు పగటికల అని ఎవరైనా వెక్కిరిస్తే అమెరికాను చూపించండి. 1978లో విమానయానాన్ని మార్కెట్‌కు పూర్తిగా వదిలేసిన ఆ దేశమే, చిన్న ఊళ్ల సర్వీసులు ఆగిపోకూడదని అదే చట్టంలో అత్యవసర విమాన సేవ పథకం పెట్టింది. నాలుగున్నర దశాబ్దాలు దాటినా అది నడుస్తూనే ఉంది. మనకూ 1994 నుంచి మార్గ విభజన మార్గదర్శకాలు ఉన్నాయి. లాభాల మార్గాల్లో విమానాలు నడిపే సంస్థ ఈశాన్యం, జమ్మూకశ్మీర్, ద్వీపాల వైపు కొంత వాటా నడపాలన్నది ఆ నియమం. దాన్ని కాగితం మీది లెక్కగా కాకుండా, ఊరు ఊరుకూ సర్వీసు హామీగా మార్చాలి.

రెండవది, ప్రాణదారుల మీద గరిష్ఠ ధర శాశ్వతంగా ఉండాలి. రోగులకు, విద్యార్థులకు ప్రతి విమానంలో సీట్లు కేటాయించాలి. డిసెంబరులో ఒక్క రోజులో చేయగలిగిన పనికి ఏళ్ల అధ్యయనం అక్కర్లేదు.

మూడవది, అలయన్స్ ఎయిర్‌కు కొత్త చిన్న విమానాలు, పైలట్లు, బడ్జెట్ ఇచ్చి ఆ మార్గాల బాధ్యత అప్పగించాలి. నష్టం వస్తే రానివ్వండి. జిల్లా ఆస్పత్రి లాభనష్టాల ఖాతా ఎవరూ అడగరు.

నాలుగవది, విమాన ఇంధనం మీద రాష్ట్రానికో తీరుగా, ఒక శాతం నుంచి దాదాపు ముప్పై శాతం వరకు ఉన్న విలువ ఆధారిత పన్నును ప్రాణదారుల విషయంలో ఒకే కనిష్ఠ స్థాయికి తేవాలి. కేంద్రాన్ని తిట్టే రాష్ట్ర ప్రభుత్వాలు ఇక్కడ తమ వంతు పని చేయవచ్చు.

ఐదవది, కొత్త విమానాశ్రయానికి ఒక్క ఎకరం సేకరించే ముందు, అక్కడి నుంచి కనీసం పదేళ్లు నడిచే సర్వీసుల ఒప్పందం గ్రామసభ ముందు ఉంచాలి. అది లేకపోతే భూమి అడగకూడదు.

ఇవన్నీ జరగడానికి ముందు ఒక చిన్న పని పాఠకులే చేయవచ్చు. మీ పార్లమెంటు సభ్యుడు విమానాశ్రయం తెచ్చానని చెప్పుకుంటూ మీ ఊరికి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. గత ఏడాది 365 రోజుల్లో ఇక్కడి నుంచి ఎన్ని రోజులు విమానం లేచింది? సబ్సిడీ గడువు ముగిశాక ఆ విమానాన్ని ఎవరు నడుపుతారు? ఆయనకు జవాబు తెలియకపోతే, తర్వాతి సమావేశాల్లో అదే ప్రశ్నను సభలో లిఖితపూర్వకంగా వేయమనండి. మంత్రి ఇచ్చే జవాబు రికార్డులో ఉంటుంది. ఎన్నికల నాటికి అది మన చేతిలో ఉండాలి.